కాళ్ళకు సెలవిస్తే ఏమవుతుంది?

పిల్లలూ, ఈ వ్యాసం చదవబోయే ముందు ఒకసారి లేచి, చెప్పులు విడిచి, నేల మీద నిటారుగా నిలబడండి. పక్కనున్న వాళ్ళను మీ పిక్క పట్టి చూడమనండి. కొంచెం గట్టిగా ఉంటుంది. ఇప్పుడు మడమలు ఎత్తకుండా ఒంటిని రవంత ముందుకు వాల్చండి. పిక్క ఇంకా బిగుసుకుంటుంది. రవంత వెనక్కు వాల్చండి. పిక్క మెత్తబడి, కాలికి ముందువైపు ఎముక పక్కనే ఉన్న కండ గట్టిపడుతుంది. ఇక బల్ల మీద కూర్చుని కాళ్ళు వేలాడవెయ్యండి. రెండు కండలూ మెత్తగా అయిపోతాయి.

"మేం ఊరికే నిలబడ్డాం గదా, కాళ్ళు కదిలించనే లేదే!" అంటారు మీరు. కాని కాళ్ళకు ఊరికే నిలబడటం అనేది లేదు. మన ఒంటి బరువు చీలమండకు సరిగ్గా పైన పడదు, కొంచెం ముందుకు పడుతుంది. పందిరి గుంజ పడిపోకుండా వెనకనుంచి తాడు కట్టి లాగినట్టు, పిక్క మనని వెనకనుంచి లాగి పట్టుకుంటుంది. అది పట్టు వదిలితే మనం బోర్లా పడవలసిందే.

పిక్కలో ముఖ్యమైన కండరాలు రెండున్నాయి. పైకి ఉబ్బెత్తుగా కనిపించేది గాస్ట్రాక్నీమియస్. గెంతటానికీ పరిగెత్తటానికీ దాని బలం కావాలి. దాని అడుగున, వెడల్పుగా, కంటికి అంతగా కనిపించకుండా ఉండేది సోలియస్. నిలబడే పని ఎక్కువగా దీనిదే. ఇది తొందరపడి లాగదు, కాని గంటల తరబడి లాగినా అలిసిపోదు. ఈ పేర్లకు నోరు తిరగటం కష్టం గనక, ఈ వ్యాసం అయ్యేదాకా మొదటిదాన్ని పైపిక్క అనీ, రెండోదాన్ని లోపిక్క అనీ అనుకుందాం. కాలికి ముందువైపున, పాదాన్ని పైకెత్తే కండను ముంగాలి కండ అందాం.

లోపిక్క గురించి నాకింత శ్రద్ధ కలగటానికి ఒక కారణం ఉంది. నేను ముప్ఫైయేళ్ళకు పైగా బడిలో ఉండి, ప్రధానోపాధ్యాయుడుగా విరమించాను. ఆ సంవత్సరాలన్నీ నిలబడే పాఠాలు చెప్పాను. ఒక్కనాడు కాళ్ళ సంగతి ఆలోచించలేదు. తరవాత ఒక వానాకాలం ఉదయం, పెరట్లో నూతి చప్టా మీద పాచికి కాలు జారి, ఎడమ చీలమండ పైన ఎముక విరగ్గొట్టుకున్నాను. డాక్టరు ఎముక సరిచేసి, పిండికట్టు వేసి, "మాస్టారూ, 6 వారాలపాటు ఈ కాలు నేలకు ఆనించకూడదు," అన్నాడు.

నేను బుద్ధిమంతుడైన విద్యార్థిలాగా ఆనించలేదు. పైగా మంచం మీద పడుకుని రోజూ వేళ్ళు కదిలించాను. కట్టు లోపల పిక్కను బిగిస్తూ వదులుతూ ఉన్నాను. కండకు పని చెబుతున్నాను గదా, దానికేం కాదని నా నమ్మకం.

6 వారాలు గడిచి కట్టు విప్పారు. ఆ కాలు నాదని నమ్మటం కష్టమయింది. ఏడో తరగతి చదివే మా మనవరాలు కుట్టుమిషను దగ్గరి టేపు తెచ్చి కొలిచింది. కుడి పిక్క చుట్టుకొలత 34 సెంటీమీటర్లు, ఎడమది 31.

"తాతయ్యా, 3 సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయి?" అన్నది.

నాకు లోపల భయం వేసింది. ఈ కాలు మళ్ళీ నన్ను మోస్తుందా? డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, "రోజూ కండను కదిలిస్తూనే ఉన్నాను గదండీ, ఎందుకిలా అయింది?" అని అడిగాను.

"కదిలించారు మాస్టారూ, మంచిదే. కాని అది బరువు మొయ్యలేదు గదా! ఈ సంగతి మనకన్న ఎలకలు బాగా నేర్పాయి," అన్నాడాయన.

నా పాఠం నేను తిరిగి చదువుకోవలసి వచ్చింది. చదివినది మీకు చెబుతాను.

ఈ కథ నేల మీద గాక ఆకాశంలో మొదలయింది. 1970 జూన్‌లో సోవియట్ రష్యావారి సోయుజ్-9 అనే నౌకలో నికొలాయెవ్, సెవస్త్యానోవ్ అనే ఇద్దరు రోదసీ యాత్రికులు దాదాపు 18 రోజులు భూమి చుట్టూ తిరిగారు. అంతకు ముందు ఎవరూ అన్ని రోజులు పైన ఉండలేదు. అక్కడ నౌకా, మనిషీ కలిసి భూమి చుట్టూ పడుతూ ఉంటారు గనక, కాళ్ళ మీద బరువన్నదే ఉండదు. నడవవలసిన పని లేదు, తేలితే చాలు. ఇద్దరూ క్షేమంగా దిగారు. కాని తమంతట తాము నిలబడలేకపోయారు. వారిని పట్టుకుని నౌకలోంచి బయటికి తియ్యవలసి వచ్చింది. మామూలుగా నడవటానికి రోజులు పట్టింది.

కండలు తిరిగిన ఆరోగ్యవంతులు 18 రోజుల్లో ఇలా ఎందుకయ్యారు? ఇది తెలుసుకోవాలంటే కండలోపల చూడాలి. మనుషుల మీద ఆ పని ఇష్టం వచ్చినట్టు చెయ్యటానికి వీల్లేదు. అందుచేత రష్యావారు 1973 నుంచి కాస్మోస్ ఉపగ్రహాల్లో ఎలకలను పంపి, తిరిగి వచ్చాక వాటి కండలను పరీక్షించారు. అన్ని కండరాల కన్న ఎక్కువగా క్షీణించినది లోపిక్కే.

కాని ఎలకను రోదసికి పంపటమంటే మాటలా? ఎప్పుడో ఒక ప్రయాణం, బోలెడంత ఖర్చు. అమెరికాలో కాలిఫోర్నియాలో నాసావారి ఏమ్స్ పరిశోధనాలయం ఉంది. అక్కడ పనిచేసే ఎమిలీ మోరీ హోల్టన్ అనే శాస్త్రజ్ఞురాలు 1970 తరవాతి దశకంలో ఒక తేలిక ఉపాయం చేసింది. ఈ పద్ధతిలో ఎలక తోకకు మెత్తని పట్టీ అంటించి, దాన్ని పైనున్న గిలకకు తగిలిస్తారు. ఎలక వెనక భాగం పైకి లేచి, ఒళ్ళు సుమారు 30 డిగ్రీల వాలులో ఉంటుంది. ముందుకాళ్ళు నేల మీదే ఉంటాయి. వాటితో అది పంజరమంతా తిరుగుతుంది, తింటుంది, నీళ్ళు తాగుతుంది, మూతి తుడుచుకుంటుంది. వెనక కాళ్ళు మాత్రం నేలకు తగలవు. వాటిని ఆడించవచ్చు, తన్నవచ్చు, కాని వాటి మీద బరువు లేదు. అంటే ఎలక ముందు సగం భూమి మీదా, వెనక సగం రోదసిలోనూ ఉన్నట్టు!

ఇది విని మా మనవరాలు, "పాపం గదా తాతయ్యా!" అన్నది.

పాపమే. ఎలకకు నొప్పి కలగకుండా జాగ్రత్తపడతారు, ఇలాంటి ప్రయోగాలకు ముందుగా అనుమతి పొందాలి. కాని చివరకు కండను పరీక్షించటానికి దాన్ని చంపవలసి వస్తుంది. ఆ మాట పిల్లల దగ్గర దాచటం నాకిష్టం లేదు. నా కాలికి వైద్యం చేసిన డాక్టరు తెలివిలో ఆ ఎలకల భాగం కూడా ఉన్నదని గుర్తుంచుకుంటే చాలునన్నాను.

అలా వేలాడగట్టిన ఎలకల్లో ఏం జరిగింది? కొద్ది రోజుల్లోనే లోపిక్క తూకం తగ్గటం మొదలుపెట్టింది. రెండు వారాలయ్యేసరికి సుమారు మూడో వంతు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువే పోయింది. పైపిక్క అంతకన్న తక్కువగా తగ్గింది. ముంగాలి కండ మాత్రం దాదాపు ఎప్పటిలాగే ఉన్నది. న్యాయమే గదా! పాదాన్ని ఎత్తే పనికి ఒంటి బరువుతో సంబంధం లేదు. బరువు మోసే కండకే బరువు లేని నష్టం. ఇంకొక విచిత్రమేమంటే, లోపిక్కలో నెమ్మదిగా, అలుపు లేకుండా పనిచేసే కండపోగులు కొన్ని తొందరగా పనిచేసి తొందరగా అలిసిపోయే రకంగా మారసాగాయి.

పోయిన కండ ఎక్కడికి పోయింది? మా మనవరాలి ప్రశ్న కూడా ఇదే. మన కండ రాయిలాగా ఒకసారి తయారై ఉండిపోయేది కాదు. గాదెలో పైనుంచి ధాన్యం పోస్తూ, కిందినుంచి తీస్తూ ఉన్నట్టు, కండలోని మాంసకృత్తులు రోజూ కొత్తవి తయారవుతూ, పాతవి విడిపోతూ ఉంటాయి. రెండూ సమానంగా ఉన్నంతకాలం గాదె నిండుగానే కనిపిస్తుంది. బరువు తీసేస్తే, కొన్ని గంటల్లోనే పైనుంచి పొయ్యటం మందగిస్తుంది. తరవాత రోజుల్లో కిందినుంచి తియ్యటం హెచ్చుతుంది. ఒళ్ళు పొదుపరి. పని లేని కండను తిండి పెట్టి పోషించటం దానికి గిట్టదు.

ఇక్కడిదాకా, "వాడని కండ తగ్గుతుంది, అంతే గదా" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కాని అసలు చిక్కు ఇప్పుడే వస్తుంది.

కండ పనిచేసేటప్పుడు దానిలో విద్యుత్తు పుడుతుంది. ఇటలీలో బొలోన్యా నగరంలో గాల్వానీ అనే ఆయన 1780 తరవాత చచ్చిన కప్పల కాళ్ళు విద్యుత్తు తగిలితే అదిరిపడటం చూశాడు, 1791లో ఆ సంగతి ప్రకటించాడు. నరం నుంచి ఆజ్ఞ వచ్చినప్పుడల్లా కండలో ఒక విద్యుత్ తరంగం పరిగెత్తుతుంది. అది వోల్టులో వెయ్యోవంతుల లెక్కన కొలవవలసినంత స్వల్పం. అయినా సన్నని తీగలు కండలో అమర్చి దాన్ని గీతలుగా రాయించవచ్చు. గీతలు ఎక్కువగా ఉంటే నరం ఎక్కువ పని చెప్పిందన్నమాట.

1987లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎడ్జర్టన్, ఆయన సహచరులు ఎలకల మూడు కండరాల్లోనూ ఇలా తీగలు పెట్టి, వేలాడగట్టక ముందూ, తరవాతా, రోజుల తరబడి గమనించి ఫలితాలు ప్రకటించారు. వేలాడగట్టిన మొదటి రోజున లోపిక్కలో గీతలు బాగా తగ్గిపోయాయి. పైపిక్కలోనూ తగ్గాయి. ముంగాలి కండలో మాత్రం హెచ్చాయి. ఎలక పాదాన్ని పైకెత్తుతూ నేల ఎక్కడుందో వెతుకుతున్నదేమో అనిపిస్తుంది నాకు. ఇంతవరకు వింత లేదు.

కాని వారం గడిచేసరికి లోపిక్క గీతలు పూర్వపు స్థాయికి దగ్గరగా వచ్చేశాయి! నరం మళ్ళీ ఎప్పటిలాగే ఆజ్ఞలు పంపుతున్నది, కండ వాటిని అందుకుంటున్నది. మరి కండ మళ్ళీ పెరగాలి గదా? పెరగలేదు. అది పలచబడుతూనే ఉన్నది.

నేను మంచం మీద చేసినదీ ఇదే. వేళ్ళు కదిలించాను, పిక్క బిగించాను, నరానికి పని చెప్పాను. నా పిక్కా ఆ ఎలక పిక్కలాగే తగ్గిపోయింది.

ఎందుకని? మా నూతి గిలక చూస్తే నాకు సంగతి అర్థమయింది. తాడు చివర నీళ్ళ బొక్కెన ఉంటే, లాగేవాడి చేతుల్లో బలం పుడుతుంది. బొక్కెన లేకుండా వట్టి తాడును లాగండి. చేతులు అన్నిసార్లూ ఆడతాయి, తాడు కూడా కదులుతుంది, కాని బిగువు ఉండదు. వేలాడే ఎలక పాదం వేళ్ళు కిందికి చూస్తూ జారి ఉంటుంది. అందువల్ల పిక్క కండ పొట్టిగా ముడుచుకుని ఉంటుంది. ముడుచుకున్న కండ ఎంత లాగినా దానిలో బిగువు చాలదు. కండకు కావలసినది వట్టి ఆజ్ఞ కాదు, బిగువు. ఆ బిగువు బరువు వల్ల వస్తుంది.

బరువు వచ్చిందని ఒంటికి ముందుగా చెప్పేది ఎవరనుకున్నారు? అరికాలు! మాస్కోలో ఇనెస్సా కోజ్లోవ్‌స్కయా అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు దీన్ని గురించి చాలాకాలం పరిశోధించారు. మనుషులను నీరంటని పల్చని గుడ్డలో చుట్టి నీళ్ళలో తేల్చి పడుకోబెడితే, అరికాలికి ఆనుకునేదేమీ లేక, పిక్కల బిగువు త్వరలోనే తగ్గిపోయింది. అప్పుడు నడకలో నేల తగిలినట్టుగా అరికాలిని లయగా నొక్కే ప్రత్యేకమైన పాదరక్షలు తొడిగారు. ఆ నష్టం చాలావరకు తగ్గింది. వేలాడగట్టిన ఎలకల అరికాళ్ళను నొక్కి చూసిన ప్రయోగాల్లో కూడా లోపిక్క క్షీణించటం తగ్గింది. అరికాలిలో చక్కిలిగిలి ఊరికే పెట్టలేదన్నమాట, దేవుడు!

ఇది బరువు కథేనని రుజువు చెయ్యటానికి రష్యావారు 1977లోనే ఒక చక్కని ప్రయోగం చేశారు. కాస్మోస్-936 ఉపగ్రహంలో 18 రోజులకు పైగా ఎలకలను తిప్పారు. వాటిలో కొన్నిటిని గిరగిరా తిరిగే యంత్రంలో ఉంచారు. రంగులరాట్నంలో కూర్చున్నప్పుడు మనని బయటికి తోసినట్టుంటుంది చూశారా? అదే రీతిగా ఆ ఎలకలు కాళ్ళ కింద నేల ఉన్నట్టు, తమకు బరువున్నట్టు బతికాయి. తేలుతూ ఉన్న ఎలకల కన్న వాటి కండలు మెరుగుగా ఉన్నాయి.

సరే, బరువు తీస్తే చెడుతుంది గనక, ఒక్కసారిగా బరువు పెట్టేస్తే బాగవుతుందా? ఇక్కడ తొందరపడకూడదు. 1993 అక్టోబరులో కొలంబియా అనే అమెరికా నౌక 14 రోజుల ప్రయాణానికి వెళ్ళింది. దానిలో మార్టిన్ ఫెట్‌మన్ అనే పశువైద్యుడున్నాడు. రోదసికి వెళ్ళిన మొదటి పశువైద్యుడు ఆయనే. అక్కడే, తేలుతూ ఉండగానే, కొన్ని ఎలకల కండలు పరీక్ష కోసం తీశారు. మిగిలిన ఎలకలు భూమికి తిరిగి వచ్చాయి. పోల్చి చూస్తే, పైన తీసిన కండలు పలచబడ్డాయి గాని, పోగులు చిట్లలేదు. భూమికి వచ్చి కాళ్ళ మీద నిలబడిన ఎలకల కండల్లో పోగులు అక్కడక్కడా చిట్లి ఉన్నాయి. బలహీనపడిన కండ మీద ఉన్నట్టుండి పూర్తి బరువు పడటమే దానికి కారణం. డాక్టరు నాకు వాకరు ఇచ్చి, "మొదటి వారం కాలు ఆనించండి చాలు, తరవాత సగం బరువు, ఆ తరవాతే మొత్తం," అని ఎందుకన్నాడో ఇది చదివాక తెలిసింది.

రోజూ కొంచెంసేపు బరువు మోపితే? ఇదీ చేసి చూశారు. వేలాడగట్టిన ఎలకలను రోజులో కొన్నిసార్లు కిందికి దించి నిలబడనిస్తే, లేదా మెల్లిగా నడిపిస్తే, నష్టం పూర్తిగా ఆగదు గాని, చెప్పుకోదగినంత తగ్గుతుంది. ఇప్పుడు రోదసీ యాత్రికులు రోజుకు సుమారు రెండు గంటలు వ్యాయామం చేస్తారు. ఊరికే కాళ్ళూ చేతులూ ఆడించటం కాదు. నడిచే పట్టా మీదికి తమను రబ్బరు పట్టీలతో గుంజి కట్టుకుని పరిగెత్తుతారు, బరువులెత్తినట్టుండే యంత్రం మీద శ్రమపడతారు. రష్యాకు చెందిన వలేరీ పొల్యకోవ్ 1994 జనవరి నుంచి 1995 మార్చి దాకా ఒకే విడతలో 437 రోజులు పైన ఉండి, దిగగానే నౌక దగ్గరినుంచి కుర్చీదాకా తన కాళ్ళ మీదే నడిచాడు. 18 రోజులకే నిలబడలేకపోయినవారి సంగతి జ్ఞాపకం ఉంది గదా! మన దేశంనుంచి శుభాంశు శుక్లా 2025 జూన్, జూలైలలో అంతర్జాతీయ రోదసీ కేంద్రంలో 18 రోజులున్నప్పుడు, కండ కణాలు బరువు లేనిచోట ఎలా పెరుగుతాయో చూసే ప్రయోగం ఒకటి మన శాస్త్రజ్ఞుల తరఫున చేశారు.

ఈ నియమమంతా విన్నాక ఒక్కరు మాత్రం నవ్వుకుంటారు. ఎలుగుబంటి. చలిదేశాల్లో నల్ల ఎలుగులు శీతకాలమంతా గుహలోనో గుంటలోనో ముడుచుకుని పడుకుంటాయి. తిండి లేదు, నీరు లేదు, నడక లేదు. 2001లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారం, 130 రోజులు అలా పడుకున్న ఎలుగుల కాలిబలం 23 శాతమే తగ్గింది. అన్ని రోజులు మంచం పట్టిన మనిషికయితే సుమారు 90 శాతం పోతుందని లెక్క కట్టారు. మనం మూత్రంలో పారేసే పదార్థాన్ని ఎలుగు ఒంటిలోనే తిరిగి వాడుకుని మాంసకృత్తులు తయారుచేసుకుంటుంది. గాదె అడుగున తీసిన ధాన్యాన్ని మళ్ళీ పైన పోసుకునే జాణ అది. ఆ విద్య మొత్తం మనిషికి చిక్కితే ఎన్నో మంచాలు ఖాళీ అవుతాయి.

మంచాలంటే గుర్తుకు వచ్చింది. మా వీధిలో ఒక పెద్దావిడకు జ్వరం వచ్చింది. వారానికి తగ్గిపోయింది. కాని ఇంటిల్లిపాదికీ ఆవిడంటే ప్రాణం. "నువ్వు లేవకు మామ్మా," అని అన్నమూ మంచం దగ్గరికే, నీళ్ళూ మంచం దగ్గరికే తెచ్చారు. నెల తిరిగేసరికి పెరట్లోకి వెళ్ళాలన్నా ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. వాళ్ళను తప్పు పట్టటానికి లేదు, నేనూ ఒకప్పుడు మా అమ్మకు ఇలాగే చేశాను. మీ ఇంట్లో ఎవరన్నా మంచం మీద ఉంటే, ఎప్పటినుంచి లేపి నిలబెట్టవచ్చునో డాక్టరును అడగమని మీ అమ్మానాన్నలకు చెప్పండి. విరిగిన ఎముక అతకకముందు మాత్రం నిలబడకూడదు, ఆ లెక్క డాక్టరు చెప్పవలసినదే.

నా సంగతి ముగించనివ్వండి. వాకరుతో మూడు వారాలు, చేతికర్రతో ఒక నెల. తరవాత రోజూ పొద్దున్నా సాయంత్రమూ కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి, మడమలెత్తి దించటం. మొదట్లో రెండు కాళ్ళ మీద, కొన్నాళ్ళకు ఎడమ కాలొక్కదాని మీదనే. మొదటిసారి ఒంటికాలి మీద మడమ లేవనే లేదు. కండ వణికిందంతే. మా మనవరాలు పక్కనే కూర్చుని లెక్క పెట్టేది, నేను దొంగలెక్క వేస్తే పట్టుకునేది.

ప్రతి ఆదివారం టేపు తెచ్చి కొలిచి, తన లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసింది. మొదటి వారం 31. మూడు వారాలదాకా అదే 31. నాలుగో వారం 31న్నర. నాలుగు నెలలయ్యేసరికి 33. "ఇంకా ఒకటి బాకీ ఉంది తాతయ్యా," అని దాని కింద ఎర్రసిరాతో గీత గీసింది. నూతి చప్టా మీద పాచి మాత్రం ఇప్పుడు నేనే, నిలబడి, వారం వారం గీకిస్తున్నాను.